మేస్త్రికి నచ్చని మోటార్లు

మొన్న గోధుమలు ఆడించుకు రావడానికి మా వీధి చివర పిండిమరకి వెళ్ళాను. నా ముందు నలుగురున్నారు. మర తిరుగుతోంది. బెల్టు అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా టప్పుమంటోంది. గోడకి ఆనుకుని నిలబడ్డవాణ్ణి, తెలియకుండానే ఆ చప్పుడుకి తలాడిస్తూ కూనిరాగం అందుకున్నాను. మరాయన నా వాలకం చూసి, "ఏవండీ, బెల్టేమన్నా తేడాగా ఉందంటారా?" అని అడిగాడు. "పాటకి కొంచెం ముందుంది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి తన పనిలో పడ్డాడు. ఇల్లు చేరేదాకా నామీద నాకే చిరాకు. అది నా మాట కాదు, మా మిషను మేస్త్రి మాట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆ మాటతో నన్ను వేపుకు తిన్నాడు, ఇప్పుడు నా నోటితోనే అనిపిస్తున్నాడు.

ఆయన పేరు రాయను. పేరు కాగితం మీద కనపడితే, "ఇప్పుడిది ఎందుకండి" అని మొహం అటు తిప్పుకునే రకం. మా షెడ్డులో పదిమంది వడ్రంగులు ఉండేవాళ్ళు, అందరికీ మేస్త్రి అంటే ఆయనొక్కడే.

ఇది డెబ్భైల నాటి సంగతి. బెజవాడలో కాలవ గట్టున మాకు చెక్కపని షెడ్డు ఉండేది. తలుపులు, కిటికీలు, మంచాలు, బడి బల్లలు చేసేవాళ్ళం. మా నాన్న పక్షవాతంతో మంచాన పడేసరికి ఇరవై ఆరేళ్ళకే ఆ షెడ్డు నా నెత్తిన పడింది. షెడ్డు మధ్యలో ఒక పాత బ్యాండ్‌సా మిషను. కిందొకటీ పైనొకటీ రెండు పెద్ద ఇనప చక్రాలు, వాటి చుట్టూ పళ్ళున్న ఉక్కు పట్టీ. మొత్తం కలిపి మనిషి కంటే ఎత్తు. దొరల కాలంలో ఓడ దిగిన సరుకు, ఎక్కడో వేలంలో మా నాన్న పాడుకున్నాడు. చెక్కని వంపు తిప్పి కొయ్యాలంటే అదే గతి. దాన్ని నడపడం మేస్త్రికి ఒక్కడికే వచ్చు అనేవాళ్ళు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు అంటే ఇంకా నిజం.

పొద్దున్నే వచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, బనీనుతో మిషను ముందు నిలబడేవాడు. స్విచ్చి వెయ్యకముందు పై చక్రాన్ని చేత్తో మూడు చుట్లు తిప్పేవాడు. నోట్లో ఎప్పుడూ సగం చుట్ట. రంపపు పొట్టు ఉన్నచోట నిప్పు పనికిరాదని దాన్ని వెలిగించేవాడు కాదు, సాయంత్రం దాకా ఊరికే నములుతూ ఉండేవాడు. గేటు దాటాకే అగ్గిపుల్ల గీసేది. కొయ్యగా రాలిన పొట్టుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసుకునేవాడు. బొంబాయి రవ్వలా గరుగ్గా ఉంటే పని సాగేది. పిండిలా మెత్తగా వస్తే మిషను ఆగిపోయేది. అంతే, పదిమంది పని ఆగిపోయేది.

ఆయన నోట ఎక్కువగా వినపడే మాట, "కుదరదండి." పచ్చి చెక్క తెస్తే కుదరదు. కొత్త బ్లేడు తెస్తే కుదరదు. దసరాకి మా అమ్మ మంగళగిరి పంచె పెడితే, ఆవిడ ముందే దాన్ని మూరతో కొలిచి, "ఇది కుదరదండి అమ్మగారూ, జానెడు తగ్గింది" అన్నవాడు. మార్చి తెస్తే తీసుకున్నాడు. ఎందుకు కుదరదో మాత్రం చెప్పడు. నాకు ఒళ్ళుమండేది అక్కడే. బి.ఎస్సీ. మధ్యలో వదిలేసినవాణ్ణి, కారణం చెప్తే అర్థం చేసుకోగలననే నమ్మకం ఉన్నవాణ్ణి. ఆయన చెప్పేవాడు కాదు. తెలుసండి అనేవాడు, నమిలే చుట్ట ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చేవాడు.

చల్లపల్లి అవతల చిన్న ఊరు ఆయనది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, సోమవారం పొద్దున్నే వచ్చేవాడు. ఆ ఏడు వాళ్ళ ఊళ్ళో కొత్త చర్చి కట్టారు. లోపల బల్లలు కావాలని పాస్టరు గారు మా షెడ్డుకే ఆర్డరు ఇచ్చారు. ఇప్పించింది మేస్త్రే. ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదొక్కసారే.

"ఇరవై నాలుగు బల్లలండి. ఎనకాల ఆనుకునేట్టు ఉండాల. పక్క చెక్కలు వంపు తిరగాల. క్రిస్మస్‌కి చేరిపోవాలండి."

"అంత తొందరేముంది మేస్త్రీ? ఇన్నాళ్ళూ చాపల మీదేగా కూర్చుంది?"

చుట్ట ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చాడు. తర్వాత, "మా ఆవిడకి మోకాళ్ళు వంగట్లేదండి. కింద కూర్చుంటే లెగవలేదు. రెండేళ్ళయింది గుళ్ళోకి రావడం మానేసి" అన్నాడు.

"ఒక కుర్చీ వేసుకుంటే పోలా?"

"అందరూ కింద కూర్చుంటే తనొక్కతీ పైనెట్టా కూర్చుంటదండి. చెప్పి చూశా. ఇంట్లోనే ఉంటానంటది. క్రిస్మస్‌కి బల్ల మీద కూర్చోబెడతానని మాటిచ్చా."

అదీ విషయం. ఇరవై నాలుగు బల్లలకి నలభై ఎనిమిది వంపు చెక్కలు. ఆ వంపు ఆ మిషను మీదే తెగాలి. దసరాకి ముందు చెక్క దిగింది, మద్ది చెక్క. దసరా వెళ్ళిన ఎనిమిదో రోజు మిషను మోటారు కాలిపోయింది.

వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంటే మేస్త్రి స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు, అప్పటికే పొగ. మోటారుని రిక్షాలో వేసుకుని గవర్నర్‌పేటలో మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన మూత తీసి ముక్కు మూసుకున్నాడు. "ఇదివరకే రెండుసార్లు చుట్టారండీ దీన్ని. లోపల రేకులు మాడిపోయినై. మళ్ళీ చుట్టినా నెల ఆగదు. వేరేది చూసుకోండి" అన్నాడు. సరే, పాత సామానుగా అక్కడే పడేసి, దాని మీదున్న రేకు ఒక్కటి ఊడదీసుకుని జేబులో వేసుకున్నాను. మోటారు ఎన్ని హార్స్‌పవరు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది అన్నీ ఆ రేకు మీద గుద్ది ఉంటాయి. కొత్తది కొనడానికి అంతకంటే ఏం కావాలి.

కావలసిందల్లా ఆ రేకు మీది రాత కనపడటమే. మా అమ్మకి ఆయుధపూజ అంటే మిషనుకి కొత్త రంగు పడాల్సిందే. ప్రతి దసరాకీ మోటారుకి ఆకుపచ్చ రంగు, దాని మీద పసుపు, గంధం, కుంకుమ. మేస్త్రి క్రైస్తవుడు. ముందురోజే మిషను తుడిచిపెట్టి, పూజనాడు గుమ్మం పక్కన నిలబడి, అయ్యాక పులిహోర తిని వెళ్ళేవాడు. "ఆ రేకు ఒక్కటీ వదిలేస్తే బాగుంటదండి" అని ఒక ఏడాది అన్నాడట. "మొహం వదిలేసి ఒళ్ళంతా పూస్తామా" అందట మా అమ్మ. ఇరవై దసరాల రంగు ఆ రేకు మీద పేరుకుపోయి ఉంది.

"గోకమాకండి. రాత్రంతా కిరసనాయిల్లో నానేసి, పొద్దున్నే గుడ్డతో తుడవండి. దానంతటదే వస్తది" అన్నాడు మేస్త్రి.

రాత్రంతా ఎవడు ఆగుతాడు. ఆయన భోజనానికి వెళ్ళగానే ఉలి తీసుకున్నాను. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దానితో పాటు అంకెలూ లేచాయి. ఒక మూల హార్స్‌పవరు మూడు అని కనిపిస్తోంది, వేగం ఉండాల్సిన చోట ఇత్తడి తళతళలాడుతోంది. మేస్త్రి వచ్చి ఆ రేకుని వెలుతురుకి పెట్టి ఇటూ అటూ వంచి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే తిరిగి ఏదో ఒకటి అనేసి తేలిగ్గా ఉండేవాణ్ణి.

"ఇది నెమ్మది మోటారండి. బజార్లో దొరికేవాటికి సగమే తిరిగిద్ది" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"తెలుసండి."

వైండింగ్ షాపుకి మళ్ళీ పరిగెత్తాను. లోపలి తీగ చుట్టిన తీరు చూస్తే వేగం చెప్పేయవచ్చట. కానీ నేను వదిలి వెళ్ళిన సాయంత్రమే వాళ్ళు రాగి తీగంతా లాగేశారు. "రోజుకి పది మోటార్లు వస్తాయండీ, దేనిదని గుర్తు పెట్టుకోం. తెచ్చినప్పుడే అడిగుంటే చూసి చెప్పేవాణ్ణి" అన్నాడు. మోటార్లు అమ్మే షాపులో అడిగితే నవ్వాడు. "ఈ రోజుల్లో నెమ్మది మోటార్లు ఎవరికండీ? చేలల్లో పంపులకీ, మిల్లులకీ అంతా ఫోర్టీన్ ఫార్టీనే." అంటే నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లు. లోకమంతా వాడేది మాకెందుకు పనికిరాదు? కొనేశాను.

బిగించాం. మేస్త్రి పై చక్రాన్ని మూడు చుట్లు తిప్పి స్విచ్చి వేశాడు. మిషను అందుకుంది, షెడ్డు రేకులు అదిరాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. అర నిమిషం గడవకుండానే ఆపేశాడు.

"కుదరదండి."

"ఎందుకు?"

"పాట అందట్లేదండి."

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. అప్పుడు బయటపడింది సంగతి. ఇరవై ఏళ్ళుగా ఆయన పనిచేస్తూ గొంతులో ఏదో తీస్తుండేవాడు, మేం పట్టించుకోలేదు. అది ఆదివారాలు వాళ్ళ గుళ్ళో పాడే ఒక కీర్తన. బెల్టు అతుకు పుల్లీ మీద పడి టప్పుమన్నప్పుడల్లా కీర్తనలో ఒక తాళం దెబ్బ. వోల్టేజి తగ్గినా, బెల్టు జారినా, చెక్క గట్టిపడినా పాట ముందుకో వెనక్కో పోయేది, ఆయన మిషను ఆపేవాడు. వేగం కొలిచే మీటరు ఆయన గొంతులో ఉంది.

"మేస్త్రీ, నేను మోటారు గురించి మాట్లాడుతున్నాను. మీరు పాట గురించి మాట్లాడుతున్నారు" అన్నాను.

"రెండూ ఒకటేనండి."

"కొంచెం గబగబా పాడుకోండి."

వడ్రంగులు నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చొక్కా వేసుకుని, చెక్కలు పేర్చుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ నిమిషాన నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆదివారం ఆయన వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని నేనే మిషను వేశాను. నా పంతం నాది. చెక్క పెట్టాం. మొదట వెన్నలా తెగింది. "చూశావా, అనవసరంగా వారం పాడుచేశాడు" అన్నాను. పొట్టు పిండిలా పడుతోంది, మాడు వాసన వస్తోంది. రెండో చెక్క సగంలో ఉండగా బ్లేడు ఫట్టున తెగింది. తెగిన కొస కింది చక్రంలో చిక్కుకుని దాని మీదున్న రబ్బరు పట్టీని మొత్తం ఒలిచేసింది. మాకేమీ కాలేదు, వడ్రంగి మాత్రం ఆ రోజు మళ్ళీ మిషను వైపు రాలేదు.

సోమవారం మేస్త్రి వచ్చాడు. తెగిన ముక్కలు ఏరుకున్నాడు. "ఎవరికీ తగల్లేదుగా అండి?" అన్నాడు. లేదన్నాను. అంతే. బ్లేడుకి ఇత్తడి పోసి ఆయనే అతికాడు. రబ్బరు పట్టీ మాత్రం బెజవాడలో దొరకలేదు. మద్రాసు నుంచి వచ్చేసరికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ మద్ది చెక్కలు షెడ్డు గోడకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

ఈ లోపల నేను లెక్క వేశాను. మోటారు రెట్టింపు తిరుగుతుంటే దాని పుల్లీని సగం చెయ్యి, మిషను పాత వేగానికే వస్తుంది. కాగితం మీద నా లెక్కకి తిరుగులేదు. చిన్న పుల్లీ చేయించాను. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు, ఈసారి తల ఊపాడు. నా గుండె నిండింది. చెక్క పెట్టాడు. చెక్క పంటికి తగలగానే బెల్టు కిర్రుమని జారింది. అంత చిన్న పుల్లీ మీద ఆ వెడల్పు బెల్టుకి పట్టు దొరకట్లేదు. బిగిస్తే అతుకు ఊడింది, జారకుండా బంక పూస్తే పొగ వచ్చింది.

"పాట బానే మొదలవుతుందండి. చెక్క తగలంగానే ఎనకబడిపోతంది" అన్నాడు.

"అయితే చెక్క లేకుండా కొయ్యండి" అన్నాను.

వారం రోజులు అలా కొట్టుకున్నాం. నవంబరు అయిపోయింది. పాస్టరు గారి దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది, బల్లలు ఎంతవరకు వచ్చాయని. మేస్త్రి దాన్ని నాచేత చదివించుకుని మడిచి బనీనులో పెట్టుకున్నాడు. ఆయనకి చదువు రాదు.

చివరికి హనుమాన్ జంక్షన్లో పాత మిల్లు సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర నెమ్మది మోటారు ఉందని తెలిసింది. మూతపడ్డ రైసుమిల్లుది. ఇద్దరం బస్సులో వెళ్ళాం. రోడ్డు పక్కన రేకుల పాక కింద గేదె పడుకున్నట్టు పడుంది అది, మా పాత మోటారు కంటే పెద్దది. రేకు శుభ్రంగా ఉంది. మూడు హార్స్‌పవరు, ఏడు వందల ఇరవై చుట్లు. నాకు దాన్ని కావలించుకోవాలనిపించింది. మేస్త్రి గొంతుక్కూర్చుని, దాని ఇరుసుని చేత్తో తిప్పి, చెవి ఆనించి, లేచాడు.

"నడిపి చూపియ్యండి" అన్నాడు వ్యాపారితో.

"ఇక్కడ త్రీఫేజు కరెంటు లేదయ్యా. అంతా రేకు మీద రాసుందిగా."

"రేకు మీద రాత నేను చదవలేనండి. తిరుగుతుంటే ఇనాల."

"నేను చదివాను మేస్త్రీ, చాలదా?" అన్నాను.

"కుదరదండి" అన్నాడు.

దగ్గర్లో ఒక మిల్లుకి త్రీఫేజు ఉందట, దాని యజమాని ఊళ్ళో లేడట, వారం ఆగితే అక్కడికి తీసుకెళ్ళి నడిపి చూపిస్తానన్నాడు వ్యాపారి. సరేనన్నాడు మేస్త్రి, షెడ్డు తనదైనట్టు. బస్సు కోసం నిలబడ్డ చోట నేను ఇక ఆగలేకపోయాను.

"మీ భార్య కోసమేగా ఇదంతా. ఆవిడ రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుంది. చేతికందిన మోటారు వదిలేసి వారం ఆగుదాం అంటారు. మీకు ఆవిడ ముఖ్యమా, మీ చెవి ముఖ్యమా?"

లారీలు పోతున్నాయి. దుమ్ము తగ్గేదాకా ఆగి అన్నాడు. "ఎన్నాళ్ళ బట్టి పడుందో అది. లోపల తేమ పట్టుంటే బిగించిన మర్నాడే కాలిద్దండి. అప్పుడు ఒక్క బల్ల కూడా రాదు. ఇప్పుడైతే కొన్నన్నా వస్తయ్." నాకు తెలిసి ఆయన నాకు చెప్పిన మొదటి కారణం అదే. అప్పటికీ నా కోపం తగ్గలేదు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను.

వారం తర్వాత బండి మీద మోటారుని ఆ మిల్లుకి తోలించారు. మేస్త్రి దాని మీద అరచెయ్యి పెట్టి పావుగంట నడిపించాడు. మిల్లు యజమాని గడియారం చూసుకుంటున్నాడు, వ్యాపారి గొణుగుతున్నాడు, నేను ఎటో చూస్తున్నాను. చెయ్యి తీసి, "తీసుకోండి" అన్నాడు. ఆ మాట కోసం రెండు నెలలు ఎదురుచూసినవాణ్ణి, తీరా విన్నాక సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు.

క్రిస్మస్ రెండు వారాల్లో ఉందనగా మిషను మళ్ళీ తిరిగింది. మోటారు పాటకి సరిగ్గా కుదిరింది, ఆయన చెప్పినట్టే పాతది నెమ్మది మోటారే. ఆ రెండు వారాలూ భోజనం కూడా మిషను పక్కనే నిలబడి చేశాడు. వంపు చెక్కలు కోశాక నున్న చెయ్యాలి, బిగించాలి, పాలిషు పట్టాలి. పదిమందీ ఎంత చేసినా పండగ ముందురోజుకి తొమ్మిది బల్లలే అయ్యాయి. మిగిలిన పదిహేనూ ఫిబ్రవరిలో పంపాం, వాళ్ళావిడ వచ్చి కూర్చుందని మేస్త్రి ఒక సోమవారం పొద్దున చెప్పాడు. నేను చెప్పాల్సింది ఆ క్రిస్మస్ సంగతి.

పాస్టరు గారు నన్నూ రమ్మన్నారు. చల్లపల్లిలో బస్సు దిగి, పంటకాలవ వెంట నడిచి వెళ్ళాను. కొత్త సున్నం వాసన, రంగు కాగితాలు. తొమ్మిది బల్లలు ముందు వరసల్లో వేశారు, వెనకంతా చాపలు. నాకు చెప్పులు విప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా తీసుకెళ్ళి మొదటి బల్ల మీద కూర్చోబెట్టారు. మిగతా వాటి మీద ముసలివాళ్ళని ఎక్కిస్తున్నారు. పాస్టరు గారు మేస్త్రిని పిలిచి, "మీ ఇంటావిడ ఏరండీ? ఆవిడకి ఈ బల్ల చివర చోటు ఉంచాం" అన్నారు. అది నా బల్లే.

"రాదండి. అన్నీ వచ్చాక కూర్చుంటది" అన్నాడు మేస్త్రి.

"అదేంటి, పాపం రెండేళ్ళ బట్టి..."

"బల్లలు ఆలీసం అయింది నా మూలానండి. మోటారు నచ్చలేదని నేనే తిప్పి తిప్పి పంపించా. ఇంతమంది ఇంకా చాపల మీద ఉంటే, ఆలీసం చేసినోడి ఇంటావిడ ముందొచ్చి బల్లెక్కుద్దా అండి? బాగోదు."

అందరూ విన్నారు. పెద్దాయన ఒకడు అవునన్నట్టు తల ఊపాడు. పాస్టరు గారు నా వైపు చూశారు. షెడ్డు యజమానిని కదా, నేనేమైనా అంటానేమోనని. అప్పుడు నేను లేచి ఉండాల్సింది. రేకు గోకింది నేనండీ, కాలిన మోటారు తొందరపడి పడేసింది నేను, మేస్త్రి లేనప్పుడు మిషను వేసి మద్రాసు సరుకు కోసం పదిహేను రోజులు పోగొట్టింది నేను, ఆయన మూలాన పోయింది వారం రోజులే అనాల్సింది. రెండు నిమిషాల పని. ఆవిడ ఇల్లు గుడికి నాలుగిళ్ళ అవతలే, ఎవరో ఒకరు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. నాకు గొంతు పెగల్లేదు అని రాస్తే బాగుంటుంది గాని, నిజం అది కాదు. ఇంతమందిలో తప్పు ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆరాధన మొదలైంది. నా పక్కన చోటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లో. ఆవిడ ఎత్తుపీట మీద కూర్చుని, పీటని ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ వడ్డించింది. కొత్త చీర కట్టుకుంది. గుళ్ళోకి రాకపోయినా కట్టుకుంది. కోడికూర, పలావు. గుడి ఎట్లా ఉంది, బల్లలు నున్నగా ఉన్నాయా, ఆనుకుంటే వీపుకి ఒత్తుకోవట్లేదుగా అని ఒక్కొక్కటే అడిగింది. బాగున్నాయమ్మా అన్నాను.

"ఈయన అసలేం చెప్పడు బాబూ. పొద్దున్నే కొత్త చీర కట్టుకుని కూర్చున్నాక, నువ్వు రాబాకు, ఆలీసం నాదే అన్నాడు. నిజంగా ఈయన మూలానేనా అయ్యా?"

మేస్త్రి నా పక్కనే, తల వంచుకుని తింటున్నాడు. గుళ్ళో అయితే నూరుమంది. ఇక్కడ ఇద్దరే. ఇంతకంటే తేలిక ఇంకెక్కడా ఉండదు.

"మోటారు దొరకలేదమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. మేస్త్రి ముద్ద మింగి, మంచినీళ్ళు తాగాడు.

"దొరకలేదు మరి" అన్నాడు. "బాబుగారి ఆకులో కూర అయిపోయింది, చూడు."

ఆవిడ పీట ముందుకి జరుపుకుని వచ్చి నాకు ఇంకో గరిటె వేసింది.